కొల్లేటి ఒడ్డున రాత్రి బస

మన పూర్వులు బాటసారుల కొరకు సత్రములు కట్టించినప్పుడు గోడలతోను కప్పుతోను తృప్తిపడలేదు. వానితోడనే కొన్ని కట్టుబాట్లను కూడ నిలిపిరి. వచ్చినవాడు తన ఊరును పేరును చెప్పవలెను. వండుకొన్న పొయ్యిని తానే చల్లార్చవలెను. దీపములు ఆర్పిన పిమ్మట తోడి బాటసారుల నిద్ర చెరుపరాదు. నూతిగట్టున ఎంగిలి కడుగరాదు. తెల్లవారి పోవునప్పుడు తాను పరుండిన చోటు ఊడ్చి పోవలెను. ఈ నియమములు చాలచోట్ల వ్రాతలో ఉండెడివి కావు. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి ఒక్కమాట చెప్పిన చాలును. అదియే శాసనముగా నడచెడిది.

నేడు నేను ముచ్చటింపబోవునది అట్టి సత్రమును గూర్చియే. అయితే ఈ సత్రమునకు గోడలు లేవు, తలుపులు లేవు. దీనిని కట్టించినవాడు మానవుడు కాడు. ఇందులో మనకంటె ముందుగా దిగి కాపురమున్నవి పక్షులు. అది మన కొల్లేరు.

అడవులను, సరస్సులను, వానియందలి ప్రాణులను చెడకుండ కాపాడుచు, ప్రజలు వచ్చి చూచి పోవుటకు వీలు కలిగించు పద్ధతి లోకమున మిక్కిలి పాతది కాదు. అమెరికా దేశమున 1872లో ఎల్లోస్టోన్ అను ప్రదేశమును జాతీయోద్యానముగా ఏర్పరచిరి. మన దేశమున 1936లో హిమాలయముల దిగువ మొదటిది వెలసినది; దానిని ఇప్పుడు కార్బెట్ జాతీయోద్యానమందురు. మన గోదావరి తీరమున పాపికొండల అడవి 2008లో జాతీయోద్యానమైనది. అమెరికా ఉద్యానములలో యాత్రికులు గుడారములు వేసికొని రాత్రులు గడుపుటకు ప్రత్యేకముగా విడిదులు కలవు. ఆ విడిదులకు నియమములు కలవు. వచ్చినవారికి వానిని ముందుగనే తెలియజేయుదురు.

కొల్లేరు జాతీయోద్యానము కాదు, అభయారణ్యము. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తువరకు గల సరస్సు భాగమును, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్లను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో కొల్లేరు రామ్‌సర్ పట్టికలో చేరినది. ఇరాను దేశమున రామ్‌సర్ అను పట్టణమున 1971లో పలుదేశములవారు కూడి, నీటిపట్టులను కాపాడుకొందుమని ఒక ఒడంబడిక చేసికొనిరి. ఆ ఒడంబడికకు ఆ ఊరిపేరే నిలిచినది. మన లంకల నీరు ఆ విధముగా లోకమెరిగిన నీరైనది.

పేరు పెరిగినకొలది చూడవచ్చువారును పెరిగిరి. అక్టోబరు మొదలు మార్చి వరకు పక్షుల కాలము. హైదరాబాదు, విజయవాడ మొదలగు నగరములనుండి కుటుంబములు, విద్యార్థులు, ఛాయాచిత్రములు తీయువారు వచ్చుచుందురు. కొందరు ఏలూరులో రైలు దిగి కైకలూరు బాట పట్టుదురు. కైకలూరు ప్రక్కనున్న ఆటపాకలో అటవీశాఖవారు పడవలను, పక్షులను చూచు మంచెలను ఏర్పరచియున్నారు. మరికొందరు తాడేపల్లిగూడెములో దిగి గణపవరము, నిడమర్రు వైపున సరస్సు అంచులకు వత్తురు. ఉదయము వచ్చి సాయంకాలము పోవువారు కొందరు. రాత్రి నిలిచి, తెల్లవారుజామున పక్షులు లేచుట చూడగోరువారు కొందరు. అట్టివారు మొదట వచ్చి పలుకరించునది గ్రామపెద్దలనే. ఎచ్చట దిగవలెను, ఎంత దూరము పోవచ్చును, ఏమి చేయవచ్చును అని అడుగుదురు. ఆ ప్రశ్నలకు సమాధానము మీ నాలుకమీద ఉండవలెనని నా మనవి.

నియమములను నేను కొల్లేటి చాంతాడువలె సాగదీయను. అన్నిటికిని మూలము ఒక్కటే. ఇచ్చట గృహస్థు పక్షి, మనుష్యుడు అతిథి. ఈ మాట మనస్సున నిలిచినచో తక్కినవి వానంతట అవియే తోచును.

మొదటిది అనుమతి. అభయారణ్యమున అనుమతిపత్రము లేక ప్రవేశించుటకుగాని నివసించుటకుగాని వీలులేదని చట్టపు 27వ విభాగము చెప్పుచున్నది. రాజమార్గమున పోవువారికిని, లోపల స్థిరాస్తి హక్కు గలవారికిని, పనిమీద వచ్చిన ప్రభుత్వోద్యోగులకును మినహాయింపు కలదు. కావున సరస్సు నడుమ ఎత్తుగానున్న మెరకను చూచి, ఇచ్చట గుడారము వేసికొందుమనుట తగదు. ఆ మెరక ఖాళీగానున్నట్లు పగటివేళ కనబడును. చీకటిపడునప్పటికి అది వందల పక్షులకు పడకటిల్లు. రాత్రి నిలువదలచినవారు ఏలూరులోగాని, కైకలూరులోగాని, తాడేపల్లిగూడెములోగాని, లేదా ఊరిలో తెలిసినవారి ఇంటగాని బసచేసి, తెల్లవారుజామున అనుమతితో బయలుదేరుట మర్యాద. వర్షకాలమున బాట విచారింపక బయలుదేరరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు తుదకు చేరినది కొల్లేటికే. ఏలూరునుండి కైకలూరు పోవు బాటపైకి సైతము నీరెక్కినది.

రెండవది దూరము. ఆటపాకలో గూళ్లు కట్టు పక్షులలో గూడబాతు ముఖ్యమైనది. ముక్కుక్రింద నీరుతోడు గూడవంటి సంచి గల పెద్ద పక్షి అది. దానితో కలిసి ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు పెట్టును. గూడబాతు గ్రుడ్లు పెట్టి, ఆడుదియు మగదియు వంతులవారీగా సుమారు నెలదినములు పొదుగును. పిల్లలు తమంత తాము ఎగురుటకు మూడు మాసములకు తక్కువ పట్టదు. ఈ కాలమంతయు పెద్దపక్షి గూటిమీదనుండి లేచిన ప్రతి నిమిషమును అపాయకరమే. నీడ తొలగగానే ఎండ గ్రుడ్డును ఉడికించును. కాకియు గ్రద్దయు అదను కొరకు కాచియుండును. బెదిరిన పిల్ల తిన్న చేపను క్రక్కివేయును. అంచునకు జరిగి క్రింద పడును. పడినదానిని మరల గూటికెక్కించు శక్తి తల్లికి లేదు. చిత్రము బాగుగా వచ్చుటకై ఇంకను నాలుగడుగులు ముందునకు పోనిమ్మని పడవవానిని తొందరించు యాత్రికుడు ఈ సంగతి ఎరుగడు. ఎరిగినచో తానే ఆగును. పక్షి తల పైకెత్తి నిక్కిచూచినదనగా మనము హద్దు దాటితిమని తెలిసికొనవలెను. డ్రోను అను ఎగురు యంత్రమును అనుమతిలేక లేపరాదు. పక్షుల కన్నులకు అది డేగతో సమానము.

మూడవది నిశ్శబ్దము, నాలుగవది చీకటి. ఈ రెంటిని కలిపియే చెప్పుదును. పగటివేళ బెదిరి లేచిన పక్షి ఒక చుట్టు తిరిగి తన గూటికి రాగలదు. రాత్రివేళ బెదిరినది చీకటిలో గూడు కానక తీగలకును కొమ్మలకును తగిలి పడును. కావున ఒడ్డున మోతపెట్టెలు పెట్టి పాటలు వేయుట, బాణసంచా కాల్చుట, బండ్ల దీపములను సరస్సువైపు త్రిప్పి నిలుపుట, చెట్లమీదికి చేతిదీపములు కొట్టుట కూడనిపనులు. పుట్టినదినపు వేడుక చేసికొనుటకు నగరమున భవనములు కలవు. కొల్లేటి గట్టుమీదికి వచ్చినవాడు నీటి సవ్వడిని, రెక్కల చప్పుడును వినవలెను; తన సవ్వడిని వినిపింపనక్కరలేదు.

ఐదవది నిప్పు. సరస్సు అంచుల నిండ కిక్కిస పెరుగును. వేసవి దగ్గరపడునప్పటికి అది ఎండి గలగలలాడును. ఒక్క చుట్టముక్క చాలును. కిక్కిస కాలినచో అందు గూళ్లు కట్టుకొన్న చిన్నపక్షులకు పారిపోవు వ్యవధియైనను ఉండదు. అభయారణ్యమున నిప్పు పెట్టుటను చట్టపు 30వ విభాగము నిషేధించుచున్నది. వంట ఊరిలో చేసికొనవలెను. గట్టుమీద తినదలచినవారు వండిన పదార్థమునే మూటకట్టి తెచ్చుకొనవలెను.

ఆరవది శుభ్రత. దీనిని గూర్చి కొల్లేటి స్వభావము తెలిసినవారికి అధికముగా చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకను లెక్కకు మిక్కిలిగా మురుగుకాలువలు, పంటకాలువలు తెచ్చు నీరంతయు ఇందులోనికి వచ్చును. పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. అదియు వంకరలు తిరిగి సుమారు 60 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరును. సరస్సు లోతు చాలచోట్ల నిలువెత్తైనను ఉండదు. నీటి నడక మెల్లన. ఏటిలో పారవేసినది ఏరు కొనిపోవును గాని, కొల్లేటిలో పారవేసినది కొల్లేటిలోనే ఉండును. ప్లాస్టిక్ సంచి, సీసా, తెగిన వలత్రాడు ఏండ్ల తరబడి తేలుచుండును. ఆ త్రాడు పక్షికాలికి చుట్టుకొన్నచో కోసి విడిపించువారుండరు. యాత్రికుడు తెచ్చినది యాత్రికుడే కొనిపోవలెను. అరటితొక్కతో సహా కొనిపోవలెను. సబ్బుతో స్నానములు, బట్టలుదుకుట సరస్సులో కూడదు. బహిర్భూమికి గట్టు చాటు వెదకరాదు. ఊరిలో మరుగుదొడ్డి అడిగినచో ఏ ఇల్లాలును కాదనదు. చెత్త వేయుట మర్యాదలేమి మాత్రమే కాదు. అభయారణ్యమున అది చట్టవిరుద్ధము కూడ.

ఏడవది, మేత వేయకుండుట. అన్నము పెట్టుట మనవారికి పుణ్యకార్యము. కావున ఈ నియమము మనస్సునకు కటువుగా తోచవచ్చును. దీని కొక నిదర్శనము చెప్పెదను. నేను ముందు చెప్పిన ఎల్లోస్టోనులో ఒకప్పుడు హోటళ్ల చెత్తకుప్పల కడకు ఎలుగుబంట్లు వచ్చి తినుచుండగా జనులు వరుసలుగా కూర్చుండి వినోదము చూచెడివారు. బాటప్రక్కన బండ్లు నిలిపి చేతితో తినిపించువారును ఉండెడివారు. కొన్నాళ్లకు ఎలుగులు మనుష్యుని చూచిన భయము మాని, తిండికై మీదపడి గాయపరచసాగెను. అట్టివానిని అధికారులు చంపవలసి వచ్చెను. తుదకు 1970 ప్రాంతమున ఆ కుప్పలను మూసివేసి, తినిపించుటను గట్టిగా అణచివేసిరి. దయతో పెట్టిన ముద్దయే ఆ జంతువుల ప్రాణము తీసినది. మన యొడ్డున ఎలుగులు లేవు గాని, మిగిలిన పులిహోర గట్టుమీద విసరినచో వచ్చునవి ఊరకుక్కలును కాకులును. రేపు గూటిలోని గ్రుడ్లను, క్రిందపడిన పిల్లలను ఎత్తుకొనిపోవునవియు అవియే.

ఎనిమిదవది భోజనము. దీనిని కొంచెము బిగ్గరగనే చెప్పవలసియున్నది. కొల్లేటికి వచ్చినవారిలో కొందరు, ఇచ్చటి పిట్టమాంసము రుచియట గదా, దొరకునా అని గుసగుసగా అడుగుదురు. అతిథి అడిగినది లేదనుట మన గృహస్థులకు చిన్నతనముగా తోచును. కాని అడుగుటయు తప్పే, పెట్టుటయు తప్పే. 1972 చట్టము వేటను నిషేధించినది. దూరదేశములనుండి శీతకాలమున మనలను నమ్మి దిగిన బాతును కోసి, అదే పక్షిని చూడవచ్చినవానికి వడ్డించుట ఎంత విపరీతమో మీరే ఆలోచింపుడు. కొరమీను పులుసు పెట్టుడు. అతిథి జన్మలో మరువడు.

ఇంతవరకు పక్షుల యెడ మర్యాద. ఇక మనుష్యుల యెడ మర్యాదను గూర్చి చెప్పెదను. నా దృష్టిలో ఇది తక్కువది కాదు.

లంకలలో కాపురమున్నవారు చిత్రములోని బొమ్మలు కారు. నీటిగట్టున పని చేసికొను స్త్రీలను, వలలు విప్పు ముసలివారిని అడుగకుండ ఛాయాచిత్రములు తీయరాదు. తాటిదోనెపై ఎక్కించుకొన్నప్పుడు దోనెవాని మాటయే ఆజ్ఞ. లేచి నిలుచుండరాదు, ఒక ప్రక్కకు ఒరుగరాదు. ముందు ఒప్పుకొన్న సొమ్ము దిగిన పిమ్మట తగ్గింపరాదు. గ్రామస్థులును ముందు చెప్పినదానికంటె హెచ్చు అడుగరాదు. వయస్సున పెద్దవారిని ఏకవచనమున పిలువరాదు. పట్టణమున ఎంతటి పదవియున్నను, పరాయి గడపలో మీరు, అండీ అనుమాటలు నోట నిలువవలెను.

ఈ మర్యాద వెనుక ఇంకొక కారణము కలదు. 1970 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వమే సహకార సంఘముల ద్వారా లంకవాసులకు చేపల చెరువులు ఇప్పించినది. పిమ్మట బయటి ధనవంతులు దిగి, సరస్సును ముక్కలుచేసి పెద్ద చెరువులు త్రవ్వించిరి. నీరు నిలువ చోటు లేక, ఉప్పుటేటికి పోవ దారి లేక కొల్లేరు చిక్కిపోయెను. తుదకు 2005, 2006 సంవత్సరములలో అభయారణ్యపు హద్దులోని చెరువుగట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. సర్వోన్నత న్యాయస్థానము కూడ వాని తొలగింపునకు ఆజ్ఞయిచ్చినది. గట్లతోపాటు ఎందరో పేదల జీవనాధారమును తెగినది. హద్దును 5 అడుగులనుండి 3 అడుగులకు తగ్గింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించినది. ఆ వివాదములో న్యాయాన్యాయములు తేల్చుట నా పని కాదు. నేను చెప్పదలచినది ఇంతమాత్రమే. ఈ నీరు నేడు నీరుగా నిలిచియుండుటకు లంకవాసులు తమ పళ్లెములోని అన్నమును వెలగా చెల్లించిరి. అట్టిచోటికి రెండు దినముల వేడుకకు వచ్చినవాడు, నియమములు నాకేల యని సీసా నీటిలోనికి విసరినచో, అతడు పక్షిని మాత్రమే కాదు, ఆ పేదవానిని అవమానించినవాడగును. ఒకే నియమము ఇంటివానికి బరువుగాను, చుట్టపుచూపుగా వచ్చినవానికి తేలికగాను ఉండుట ధర్మము కాదు.

అట్లని గ్రామస్థుల బాధ్యత లేదనరాదు. అదే 27వ విభాగము అభయారణ్యములో నివసించువారికిని కొన్ని విధులు చెప్పినది. నేరము జరుగకుండ ఆపవలెను, జరిగినచో నేరస్థుని పట్టుకొనుటకు తోడ్పడవలెను, వన్యప్రాణి చనిపోయినచో ఆ సంగతి తెలియజేసి, అధికారి వచ్చువరకు దానిని కాపాడవలెను, నిప్పంటుకొన్నచో ఆర్పవలెను. చట్టము దీనిని విధియనుచున్నది. మన పెద్దలు గృహస్థధర్మమనిరి. మాట వేరైనను అర్థమొక్కటియే. ఫాల్గుణమాసమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకు వేలకొలది జనులు వత్తురు. అంతమందిని దారిపెట్టి, వరుస నిలిపి, పంపుట మన గ్రామములకు తెలిసిన విద్యయే. ఆ విద్యనే పక్షుల కాలమునకును ఉపయోగింపవలెను.

ఉపయోగింపకున్న ఏమగునో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో, ఈ కొల్లేటి ప్రాంతముననే, ఆరేడు అను గ్రామము కలదు. కేరళకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ గారు 1946లో అచ్చట గూడబాతులు గూళ్లు కట్టియుండుట కనుగొనిరి. 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ఆయన దానిని గూర్చి విపులముగా వ్రాసిరి. దేశమున నలుమూలల పక్షివిద్య తెలిసినవారందరు మన జిల్లా పేరును ఆ వ్యాసముతో ఎరిగిరి. కాని 1974 ప్రాంతమునకు ఆ గూళ్లు లేకుండపోయెను. పక్షి వ్యాజ్యము వేయదు, అర్జీ పెట్టదు, తగవునకు రాదు. ఇల్లు ఇల్లుగా తోచనప్పుడు లేచిపోవును. ఒక తరము పిల్లలు ఆ పక్షిని చూడకయే పెరుగుదురు. ఇటీవలి దశాబ్దములలో ఆటపాకయందు గూడబాతులు మరల పెద్దయెత్తున గూళ్లు పెట్టుచున్నవి. అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలమీదను పెట్టుచున్నవి. వచ్చినవానిని నిలుపుకొనుట మన చేతిలో నున్నది.

కనుక గ్రామపెద్దలారా, ఈ శీతకాలమున మీ యూరికి వచ్చు ప్రతి బండిని రచ్చబండ కడ ఒక్క నిమిషము ఆపుడు. మంచినీరిచ్చి, కూర్చుండబెట్టి, ఐదు మాటలు చెప్పుడు: అనుమతి తెచ్చుకొనుడు, గూళ్లకు దూరముగా ఉండుడు, పొద్దుగ్రుంకిన పిమ్మట శబ్దమును దీపమును వలదు, గట్టుపై నిప్పు వలదు, తెచ్చినది తిరిగి కొనిపొండు. ఈ ఐదింటిని పెద్ద అక్షరములతో పలకపై వ్రాయించి దోనెలు కట్టు రేవు కడ నిలిపినచో మరియు మంచిది. బడి పిల్లలచే వ్రాయించినచో వారికిని జ్ఞాపకముండును. చెప్పునప్పుడు గద్దింపు వలదు. ఇంటి పెద్ద చుట్టమునకు చెప్పినట్లు చెప్పిన చాలును. వినువారే ఎక్కువ. విననివాడు కనబడినచో ఆటపాకలోని అటవీశాఖవారికి కబురంపుడు.